దోమకు లేని సరిహద్దు

రోలుగుంట నుంచి అర్ల మీదుగా కొండెక్కితే లోసింగి, దాని చుట్టుపక్కల గూడేలు వస్తాయి. కోందు, కొండదొర కుటుంబాలుండే ఊళ్లు. పోడు, జీడిమామిడి, వారానికో సంత. ఇక్కడి నుంచి మనిషిని డోలీ కట్టి మోసుకొస్తున్న ఫొటో పేపర్లో చూడనివారు నర్సీపట్నం డివిజన్‌లో ఉండరు. ఆ డోలీలో ఒకసారి నిండు చూలాలు ఉంటుంది, ఇంకోసారి చలిజ్వరంతో వణుకుతున్న మనిషి ఉంటాడు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు రోలుగుంట అనకాపల్లి జిల్లాలో పడింది. పైనున్న చింతపల్లి మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. అంతకంటే పాతది ఇంకో గీత ఉంది. అది ఐదో షెడ్యూలు గీత. రోలుగుంట, గొలుగొండ, నాతవరం, రావికమతం మండలాల్లోని గిరిజన గూడేలు ఆ గీతకు ఇవతల మిగిలిపోయాయి. తమను షెడ్యూలులో చేర్చమని అక్కడి జనం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. అదే కొండ, అదే గెడ్డ, అదే కులం, అదే జ్వరం. కాగితం మీద మాత్రం పైవాడు ఏజెన్సీ గిరిజనుడు, కిందివాడు మైదాన గిరిజనుడు.

ఈ కాగితాలేవీ దోమ చదవలేదు. మలేరియా మోసే దోమ రాత్రికి ఒకటి రెండు కిలోమీటర్లు సునాయాసంగా ఎగురుతుంది. దానికి పాడేరు ఐటీడీఏ తెలీదు, అనకాపల్లి కలెక్టరేటు తెలీదు.

మలేరియా బాగా తగ్గింది కదా, ఇప్పుడీ గోల దేనికని మన ఉద్యోగ మిత్రులే కొందరు అడుగుతారు. తగ్గిన మాట నిజం. దేశంలో 2015లో 11 లక్షల 69 వేల కేసులు నమోదైతే 2023లో 2 లక్షల 27 వేలు. 2030 నాటికి ఒక్క కేసూ లేకుండా చేస్తామని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. సరిగ్గా ఇందుకే ఇప్పుడు మాట్లాడాలి. లెక్క పెద్దదిగా ఉన్నప్పుడు పట్నాలూ మైదానాలూ కనిపిస్తాయి. లెక్క చిన్నదయ్యాక మిగిలేది లోసింగి లాంటి ఊళ్లే. కేసులు తగ్గాయని సిబ్బందిని తగ్గించడం, నిధులు మళ్లించడం సర్కారుకు మామూలు. ఆ అలవాటు ఖరీదు ఈ దేశం ఒకసారి చెల్లించింది. స్వాతంత్య్రం వచ్చేనాటికి ఏటా 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా, 8 లక్షల మంది చావు అని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలైంది. 1960ల మధ్య నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇక అయిపోయిందనుకున్నారు. 1976లో 64 లక్షలు దాటాయి. శ్రీలంకదీ అదే కథ. 1963లో 17 కేసులకు వచ్చి చేతులు దులుపుకుంది. అయిదారేళ్లలో లక్షలాది మంది మంచం పట్టారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి 2016లో గానీ మలేరియా లేని దేశమన్న గుర్తింపు తెచ్చుకోలేకపోయింది.

మలేరియా దోమ గుట్టు విప్పింది మన తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. పొట్ట గోడ మీద మలేరియా క్రిమి తిత్తులు కనిపించాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ అది. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున కూలి తీసుకుని కుట్టించుకున్నాడా మనిషి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కు దక్కింది ఆ అణాలే.

ఈ కథలో మన పాఠ్యపుస్తకాలు చెప్పని ముక్కలు రెండున్నాయి. అంతకుముందు రెండేళ్లుగా రాస్ వందల దోమలు కోశాడు, ఏమీ దొరకలేదు. అతడు చూసినవన్నీ వేరే జాతివి. రెక్కల మీద మచ్చలున్న అనాఫిలిస్ చేతికందాకే సంగతి తేలింది. ఏ దోమో తెలియకుండా ఎంత కష్టపడినా దండగే. ఇక రెండో ముక్క. అంత పెద్ద సంగతి కనిపెట్టిన కొద్ది వారాలకే పైఅధికారులు అతణ్ణి రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. మలేరియా పెద్దగా లేని చోటికి మలేరియా పరిశోధకుణ్ణి! పని నెలల తరబడి ఆగిపోయింది. 1898లో కలకత్తా చేరాక పక్షుల మలేరియా మీద మిగతా పని పూర్తి చేశాడు. ఎక్కడో కూర్చున్నవాడు ఇక్కడి అవసరం తెలియకుండా సంతకం పెడితే ఏమవుతుందో మన ఉద్యోగులకు వేరే చెప్పాలా?

మరి మన దోమ ఏది? మన ప్రాంతంలో ముఖ్యంగా రెండు జాతుల గురించి చెప్పుకోవాలి. ఒకటి అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. పొలాల కాలువలు, వాన నీటి గుంతలు, ఎండిపోతున్న గెడ్డల్లో మిగిలిన మడుగులు దీని పుట్టిళ్లు. పశువుల రక్తమంటే దీనికి ఎక్కువ ఇష్టం. పశువుల శాలలో, ఇంటి గోడ మీద పగలంతా వాలి ఉంటుంది. రెండోది అనాఫిలిస్ ఫ్లువియాటిలిస్. కొండవాలు ఊటలు, అంచున గడ్డి పెరిగి మెల్లగా పారే స్వచ్ఛమైన గెడ్డలు దీని చోటు. మురుగు కాలువలో మలేరియా దోమ పెరుగుతుందనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. మన్యంలో మలేరియా పుట్టేది అద్దంలాంటి నీళ్లలో.

చిక్కు ఇక్కడితో అయిపోలేదు. ఈ రెండూ నిజానికి రెండు జాతులు కావు. క్యూలిసిఫేసిస్‌లో కంటికి ఒకేలా కనిపించే అయిదు సోదర జాతులున్నాయని శాస్త్రవేత్తలు తేల్చారు. అందులో 'ఎ' రకం మలేరియా మోస్తుంది. 'బి' రకం చాలాచోట్ల దాదాపు మోయదు. ఫ్లువియాటిలిస్‌లో 'ఎస్' రకం మనిషి రక్తం కోసమే ఇంట్లోకి వస్తుంది, 'టి' రకం పశువుల వెంట పోతుంది. భూతద్దంతో చూసినా తేడా తెలియదు. క్రోమోజోములో, జన్యువులో పరీక్షిస్తేనే తేలుతుంది. ఒక ఊళ్లో దోమలు విపరీతంగా ఉండి జ్వరం లేకపోవచ్చు. పక్క ఊళ్లో దోమలే లేవంటారు, ఇంటికొకరు వణుకుతుంటారు. దీన్ని అమరావతిలో కూర్చుని పటం మీద రంగులు పూసి చెప్పలేం. ఊరూరా రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని, గోడల మీద దోమలు పట్టి, కోసి చూడాల్సిందే.

ఇంకో సంగతి. రోగిని కుట్టిన దోమ వెంటనే రోగం అంటించలేదు. క్రిమి దాని ఒంట్లో పెరిగి లాలాజల గ్రంథుల్లోకి చేరడానికి మన వాతావరణంలో పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. అందాకా బతికిన ముసలి దోమే ప్రమాదం. చలి పెరిగే కొద్దీ ఆ సమయమూ పెరుగుతుంది. ప్రాణాంతకమైన ఫాల్సిపారం క్రిమి 18 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దోమలో ఎదగదు. లంబసింగి చలికాలానికీ, కింద రోలుగుంట వెచ్చదనానికీ ఉన్న తేడా చూడండి. ఒకే కొండకు పైన ఒక లెక్క, పాదాన ఇంకో లెక్క. రెంటికీ కలిపి ఒకే తేదీన మందు కొట్టమంటే ఎలా కుదురుతుంది?

ఇళ్లలో మందు కొట్టడం వెనకున్న కిటుకు కూడా ఇదే. దోమ రెండు మూడు రోజులకోసారి రక్తం తాగి గోడ మీద వాలుతుంది. గోడ మీద మందుంటే ముసలిదయ్యేలోపు చస్తుంది. అయితే మన్యం ఇళ్ల గోడలు మట్టివి. పండగ వస్తే ఆడవాళ్లు ఎర్రమన్నుతో, పేడతో అలుకుతారు. అలికిన మరుక్షణం మందు గోడ లోపలికి, దోమ గోడ బయటికి! తప్పు అలికినవారిది కాదు. ఏ ఊళ్లో ఎప్పుడు అలుకుతారో అడిగి తేదీ పెట్టని వారిది. దోమతెరల సంగతీ అంతే. పంట కాపలాకు మంచె మీద, జీడితోటలో పడుకునే మనిషికి ఇంట్లో కట్టిన తెర ఏం కాపాడుతుంది? తెర ఇచ్చామని రిజిస్టరులో రాసుకున్నంత మాత్రాన లెక్క తీరదు.

పైగా దోమ కూడా నేర్చుకుంది. దేశంలో చాలాచోట్ల క్యూలిసిఫేసిస్ మొదట డీడీటీకి, తర్వాత మలాథియాన్‌కు మొండికేసింది. ఇప్పుడు పైరిత్రాయిడ్ మందులకూ అలవాటు పడుతోంది. దోమతెరలకు పట్టించేదీ ఈ పైరిత్రాయిడ్లే. మన ఊళ్లో మందు పనిచేస్తుందో లేదో తెలుసుకునే పరీక్ష బ్రహ్మవిద్య కాదు. మందు పూసిన కాగితం చుట్టిన గొట్టంలో దోమల్ని గంటసేపు ఉంచుతారు. 24 గంటల తర్వాత ఎన్ని చచ్చాయో లెక్కపెడతారు. వందకు 98 చస్తే మందు పనిచేస్తున్నట్టు, 90 కంటే తక్కువ చస్తే దోమ గెలిచినట్టు. డిగ్రీ జువాలజీ చదివే కుర్రాడు ఒక వారంలో నేర్చుకోగలడు. రోలుగుంట మండలంలో కొట్టే మందుకు రోలుగుంట దోమ చస్తోందా? ఈ ప్రశ్నకు జవాబు ఏటా ఊరి సచివాలయం గోడ మీద అంటించి ఉండాలి.

మన్యం జ్వరానికి చరిత్ర ఉంది. దొరలు ఈ కొండలంటే భయపడింది తుపాకులకు కాదు, జ్వరానికి. గూడెం ఎక్కిన సిపాయి, గుమస్తా, కాంట్రాక్టరు అందరూ మంచాన పడేవారే. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు, గాం మల్లుదొర, గంటందొర పితూరీ నడిపిన నేల మీద మలేరియా ఒక రకంగా కొండకు కాపలా కాసిందని చరిత్రకారులు రాశారు. వినడానికి బాగానే ఉంది. కాని ఆ కాపలాకు జీతం ఎవరిచ్చారు? కొండవాడికి జ్వరం రాదనుకోవడం అబద్ధం. పసితనంలో పదేపదే వచ్చి, చచ్చినవాళ్లు చావగా మిగిలినవాళ్లకు కాస్త తట్టుకునే శక్తి వస్తుంది. ఆ కోట గోడలు పిల్లల ప్రాణాలతో కట్టినవి.

అప్పట్లో పరిశోధన జరగలేదా అంటే, జరిగింది. జైపూర్ జమీందారీ అప్పుడు మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 1902లో జేమ్స్ అనే సైనిక వైద్యుడు ఆ ఊరి పేరు మీదే ఒక దోమకు అనాఫిలిస్ జైపూరియెన్సిస్ అని పేరు పెట్టాడు. 1930ల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు సీనియర్ వైట్ ఆ కొండల్లో దోమల లెక్క తీశాడు. మంచి పనే. కాని రైల్వే డబ్బు పెట్టింది రైలు నడవడం కోసం, కొండదొర పిల్ల బతకడం కోసం కాదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. జైపూర్, కొరాపుట్ మన జిల్లా నుంచి అటు పోయాయి. ఆ తర్వాతి కథ మన పాఠకులు శ్రద్ధగా చదవాలి. పుదుచ్చేరిలోని కేంద్ర కీటక నియంత్రణ పరిశోధన సంస్థ దశాబ్దాలుగా కొరాపుట్ జిల్లాలో క్షేత్ర కేంద్రం పెట్టి పనిచేస్తోంది. ఏ ఎత్తులో ఏ దోమ, ఏ నెలలో ఏ రకం, ఎంత వంతు మనిషి రక్తం తాగుతోంది అన్నది అక్కడ ఊరి స్థాయిలో తెలుసు. 2017లో ఒడిశా ప్రభుత్వం 'దమన్' పేరుతో మారుమూల గూడేల్లో శిబిరాలు పెట్టింది. జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరి రక్తం పరీక్షించింది. ఒంట్లో క్రిమి ఉండీ జ్వరం తెలియకుండా తిరిగేవారే దోమకు భాండారం కాబట్టి వారికీ మందు వేసింది. అదే ఏడు కోటికి పైగా దోమతెరలు పంచింది. 2016లో 4 లక్షల 44 వేలున్న కేసులు 2019కి 40 వేల లోపుకు వచ్చాయి. మూడేళ్లలో పదో వంతు!

ఒడిశా పేరు చెప్పి మనవాళ్లు పెదవి విరుస్తారు. ఇక్కడ మాత్రం విరవడానికి ఏమీ లేదు.

అదే కాలంలో మన దగ్గర ఏం జరిగింది? 2016లో 'దోమలపై దండయాత్ర' జరిగింది. బ్యానర్లు, ర్యాలీలు, ప్రతిజ్ఞలు. దోమ నవ్వుకుని ఉంటుంది. పొగ యంత్రం ముందు నాయకుడు నిలబడి ఫొటో దిగడం అన్ని పార్టీలకూ ఇష్టమే. ఆ పొగ సాయంత్రం వీధిలో గాలికి పోతుంది. మన్యం దోమ అర్ధరాత్రి ఇంట్లో కుడుతుంది. గంబూసియా చేపలు వదిలామంటారు. నిలవ నీటి చెరువులో అవి పనిచేస్తాయేమో గాని, పారే గెడ్డలో ఏం చేస్తాయి? 2025లో కృత్రిమ మేధతో దోమల్ని గుర్తించే యంత్రాలను ఆరు నగరపాలక సంస్థల్లో 66 చోట్ల ప్రయోగాత్మకంగా పెడతామని ప్రకటించారు. విశాఖ నగరం అందులో ఉంది, సంతోషం. నగరాల్లో డెంగీ ఉంది కాబట్టి యంత్రం ఉండాల్సిందే. కాని 67వ చోటు ఎక్కడని అడగాలి కదా. 2005 వానాకాలంలో విశాఖ మన్యంలో విషజ్వరాల చావులు రాష్ట్రమంతా మార్మోగాయి. అప్పుడు హైదరాబాదు నుంచి బృందాలు దిగాయి, వెళ్లిపోయాయి. 2014లో హైదరాబాదు పోయింది, అమరావతి వచ్చింది. రోలుగుంటకు రాజధాని దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలోనే ఉండిపోయింది.

మన ఉద్యమాన్ని వ్యతిరేకించేవారు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. కొరాపుట్‌కు భువనేశ్వర్ మాత్రం దగ్గరా? కాదు. ఇంకా దూరం. ఈ ప్రశ్నను మనం దాటవేయకూడదు. ఉత్తరాంధ్ర రాష్ట్రం ఏర్పడిన మర్నాడు దోమలు చచ్చిపోవు. విశాఖలో సచివాలయం కట్టి, అక్కడి మంత్రులు లోసింగి పేరు కూడా వినకపోతే మనకు మిగిలేది కొత్త బోర్డులు మాత్రమే. కొండవాడి వైపు నుంచి చూస్తే విశాఖ కూడా దూరపు పట్నమే. తాజంగి, పాడేరు, చింతపల్లి జనానికి మనం చెప్పే రాష్ట్రం మీద నమ్మకం కుదరాలంటే అందులో వారికేముందో ఇప్పుడే చెప్పాలి. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం అంటున్నాం. నీళ్లంటే పోలవరం ఎడమ కాలువ ఒక్కటే కాదు, లోసింగి గెడ్డలో పెరిగే పిల్ల దోమ కూడా. నియామకాలంటే విశాఖలో గుమస్తా ఉద్యోగాలే కాదు, దోమ పట్టి కోసి చూసే కీటక శాస్త్రవేత్త, ఆయన వెంట నడిచే గిరిజన యువకుడు కూడా.

ఒడిశా అనుభవం చెప్పేది దూరం గురించి కాదు. నిర్ణయానికి ముందు అక్కడ నేల మీద పనిచేసే మనుషులున్నారు, వారి దగ్గర ఏళ్ల తరబడి పోగేసిన లెక్కలున్నాయి. ఆ లెక్కలు మనకూ కావాలి. రాష్ట్రం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లో పుట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరం జిల్లాలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ఇంత చదువు చుట్టూ పెట్టుకుని కొండపాదంలో శాశ్వత దోమల పరిశోధన కేంద్రం ఒకటి ఎందుకు ఉండకూడదు? అది రోలుగుంటలో ఉండాలని మేమంటున్నాం. నర్సీపట్నంలో ఆసుపత్రి పక్కన గది ఇచ్చి సరిపెట్టడం కాదు. పైన షెడ్యూలు ఊళ్లు, కింద షెడ్యూలు కాని ఊళ్లు, పక్కన కళ్యాణపులోవ జలాశయం, పొలాలు, క్వారీ గుంతలు, అన్నీ ఒక పూట నడకలో దొరికే చోటు ఇది. రెండు జిల్లాల మలేరియా సిబ్బంది ఒకే పటం ముందు కూర్చోవాలి. ఒకే గెడ్డకు రెండు ఒడ్డుల్లో ఒకే వారం మందు కొట్టాలి. ఆ కేంద్రంలో పని నేర్చుకున్న గూడెం పిల్లలకే అందులో ఉద్యోగాలు రావాలి. షెడ్యూలులో చేర్చడం ఎప్పటికవుతుందో గాని, జ్వరం విషయంలో మాత్రం ఈ గూడేలను ఏజెన్సీతో సమానంగా చూస్తామని ఒక్క జీవో చాలు. దానికి పార్లమెంటు అక్కర్లేదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ తొలకరిలో సెలవు రోజు చూసుకుని అర్ల వెళ్లండి. ఊరిపెద్దల అనుమతి తీసుకోండి, ఆశా కార్యకర్తను వెంటపెట్టుకోండి. గెడ్డ అంచున గడ్డిలో తెల్లటి గిన్నె ముంచి చూడండి. నీటి పైపొరకు అడ్డంగా, పడుకున్నట్టు తేలే పిల్ల దోమలు అనాఫిలిస్‌వి. తల కిందులుగా వేలాడేవి వేరే జాతివి. గోడ మీద తోక పైకెత్తి ఏటవాలుగా వాలిన దోమ కనిపిస్తే తేదీ, ఊరు, ఇల్లు రాసుకోండి. ఆ ఇంట్లో ఆఖరిసారి మందు ఎప్పుడు కొట్టారో, గోడ ఎప్పుడు అలికారో, తెర ఎవరు కప్పుకుంటున్నారో అడగండి. పెట్టిన దోమతెరలో చేపలు పడుతున్నారని ఎగతాళి చేయకండి, ఎందుకు పడుతున్నారో కనుక్కోండి. ఆ కాగితాలు మా కార్యాలయానికి పంపితే ఊరి వారీగా అచ్చు వేస్తాం. వాటి నకళ్లు అనకాపల్లి కలెక్టరుకూ, పాడేరు కలెక్టరుకూ ఒకే రోజున ఇద్దాం.